నాన్నగారి పేగుకి పడ్డ చిల్లు, వేసిన క్లిప్పులు, ఆ పట్టీ సంగతి

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్నగారికి 63 ఏళ్ళు. పెద్ద పేగులో చదునుగా ఉన్న పెద్ద పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే కండ) ఉందని విజయవాడ సూర్యారావుపేటలో ఒక హాస్పిటల్లో కొలనోస్కోపీలోనే తీశారు. తీస్తుంటే పేగుకి చిన్న చిల్లు పడిందట, అప్పటికప్పుడే మూడు క్లిప్పులు పెట్టి మూసేశాం అని డాక్టర్ గారు బయటికొచ్చి చెప్పారు. ఐదు రోజులు ఉంచుకుని పంపారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు, నొప్పి లేదు, జ్వరం లేదు, మెత్తగా తింటున్నారు. ఐతే మా తమ్ముడు ఫోన్లో ఎక్కడో చూశాడంట, లోపల చిల్లు పడితే బ్యాండ్ ఎయిడ్ లాంటి పట్టీ అతికిస్తే చాలు, ఇనుప ముక్కలు పెట్టక్కర్లేదని. మా డాక్టర్ పాత పద్ధతి వాడారా? చిల్లు పడటం ఆయన తప్పేనా? ఇప్పుడైనా ఆ పట్టీ వేయించుకోవచ్చా? తమ్ముడు వెళ్ళి గొడవ పెట్టుకుంటానంటున్నాడు, నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు.

సమాధానం:

చెల్లెమ్మా, ముందు తమ్ముణ్ణి రెండు రోజులు ఆగమను. హాస్పిటల్లో అడిగి తెచ్చుకోవాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి, అవి చూశాక ఏమనుకోవాలో అప్పుడు అనుకుందాం. నేను డాక్టర్ని కాదు, విజయవాడలో 22 ఏళ్ళు ఎండోస్కోపీ రూములో స్టాఫ్ నర్సుగా చేశాను, డాక్టర్ గారు స్కోప్, అంటే కెమెరా ఉన్న పొడుగాటి గొట్టం, పట్టుకుంటే పక్కన నిలబడి క్లిప్ హ్యాండిల్ నొక్కే చెయ్యి నాది, ఆయన "ఓపెన్... కొంచెం తిప్పు... ఆ, క్లోజ్" అంటుంటే స్క్రీన్ మీంచి కన్ను తీయకుండా ఊపిరి బిగబట్టి నొక్కేవాళ్ళం, కాబట్టి ఆ రోజు రూములో ఏం జరిగుంటదో నాకు కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చిన మాట "అప్పటికప్పుడే" అన్నది. చిల్లు బల్ల మీదే కనపడి, పేగు శుభ్రంగా ఖాళీగా ఉన్నప్పుడే మూతపడిందంటే గండం సగం పైన గడిచినట్టే.

అసలు చిల్లు ఎందుకు పడుద్దో చెప్తా, అప్పుడు తప్పు ఎవరిదన్న ప్రశ్నకి కూడా కొంత జవాబు దొరుకుద్ది. పెద్ద పేగు గోడ చాలా పల్చన, లోపల గాలి పట్టించి ఉబ్బించినప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు, అందులోనే లోపలి పొర, దాని కింద వదులుగా ఉండే పొర, ఆ కింద కండరం, బయట ఇంకో సన్న పొర. చదును పాలిప్‌కి కాడ ఉండదు కదా, వలలాంటి తీగ వేసి లాగడానికి పట్టు దొరకదు, అందుకని కింద వదులు పొరలోకి సూదితో నీలం రంగు కలిపిన సెలైన్ ఎక్కించి, పాలిప్‌ని పూరీ పొంగినట్టు పైకి లేపి, ఆ నీలం మీదుగా కరెంటుతో కోస్తారు. పాలిప్ పెద్దదైనా, కింద కండరానికి అతుక్కుపోయి సరిగ్గా లేవకపోయినా, కోత ఒక్క వెంట్రుకవాసి కిందకి దిగితే కండరం తెగుద్ది. అది కనిపెట్టడానికి ఒక గుర్తు ఉంది, తీసిన ముక్కని తిరగేసి చూస్తే నీలం మధ్యలో తెల్లగా గుండ్రటి చుక్క, బాణాలేసే గురి బోర్డు మీద ఉన్నట్టు. ఆ తెల్ల చుక్క కండరం. అది చూశాక ఇక ఏ డాక్టరైనా ఊరుకోరు, క్లిప్ అడుగుతారు.

ఊరికే లోపల చూసే కొలనోస్కోపీలో ఇలా వెయ్యి మందిలో ఒకరికి కూడా జరగదు. పెద్ద చదును పాలిప్‌లు తీసేటప్పుడు వందలో ఒకరిద్దరికి జరుగుద్ది, జపాన్ వాళ్ళు 1990ల చివర్లో మొదలుపెట్టిన ఈఎస్‌డీ పద్ధతిలో, అంటే గంటల తరబడి అంచు పట్టుకుని ఒక్క ముక్కగా చెక్కి తీసే పద్ధతిలో, పెద్ద పేగుకి ఐతే వందలో నలుగురైదుగురి దాకా. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా ఈ లెక్క సున్నా అవ్వదు. మీరు సంతకం పెట్టిన కాగితంలో కూడా ఇది రాసి ఉంటది, ఆ హడావుడిలో ఎవరూ చదవరు, చదివించి చెప్పాల్సిన బాధ్యత మాత్రం హాస్పిటల్‌ది, ఆ విషయంలో నువ్వు అడిగితే తప్పు లేదు.

ఇప్పుడు ఆ పట్టీ సంగతి. మీ తమ్ముడు చూసింది అబద్ధం కాదు, అలాంటి వాటి మీద నిజంగానే పని జరుగుతోంది, కానీ ఫోన్లో చూపించినంత సులువు కాదు, ఎందుకో చెప్తా. పంక్చర్ షాపులో ఎప్పుడైనా నిలబడి చూశావా, ట్యూబ్‌కి చిల్లు దొరికాక ముందు తుడుస్తాడు, గరుకు రాయితో రుద్దుతాడు, సొల్యూషన్ రాసి ఆరనిస్తాడు, అప్పుడు గానీ ప్యాచ్ వెయ్యడు, తడి మీద వేస్తే రెండో రోజుకే ఊడొస్తదని వాడికి తెలుసు. పేగులో తుడవడానికి లేదు, రుద్దడానికి అసలే లేదు, ఆరబెట్టడం కుదరదు. జిగురు నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, పేగు పాములా కదులుతూనే ఉంటది, పొట్టలో ఐతే ఆసిడ్, పొట్ట దాటగానే చిన్న పేగు మొదట్లో పైత్యరసం, క్లోమరసం వచ్చి పడుతుంటాయి, అవి మాంసాన్నే అరగదీసేవి, జిగురుని వదులుతాయా. పైగా ఆ పట్టీని లోపలికి పంపాల్సింది స్కోప్‌లో ఉన్న సన్న గొట్టంలోంచి, అది మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటది అంతే, అందులోంచి మడిచి పంపి, అవతల విప్పి, చిల్లు మీద సరిగ్గా పరిచి, ఊడకుండా పట్టుకోవాలి.

ఇంత కష్టంలోనూ జపాన్ డాక్టర్లు ఒక దారి పట్టారు. లోపల వేసే, వాటంతట అవే కరిగిపోయే కుట్ల దారం ఉంటది చూడు, ఆ దారం చేసే పదార్థాల్లో ఒకటి పీజీఏ, దాన్నే మెత్తటి దూదిగుడ్డలా పల్చటి షీటుగా చేస్తారు. ఆ షీటుని చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, బయాప్సీ తీసే సన్న పటకారతో ఒక్కో ముక్కా లోపలికి పట్టుకెళ్ళి గాయం మీద పరిచి, పైన ఫిబ్రిన్ గ్లూ చల్లుతారు. ఫిబ్రిన్ గ్లూ అంటే భయపడకు, మనకి వేలు తెగితే రక్తం గడ్డకట్టి ఆగుద్దే, ఆ గడ్డ కట్టించే రెండు పదార్థాలని వేరువేరుగా రెండు సిరంజిల్లో పెట్టి, గాయం మీదే కలిసేట్టు చల్లడం, మన దగ్గర ఆపరేషన్ థియేటర్లలో కూడా వాడతారు. ఆ షీటు దన్నుగా ఉంటే కింద గాయం మెల్లగా మానుద్ది, తర్వాత షీటు వారాల్లో కరిగిపోద్ది, తియ్యక్కర్లేదు. చెప్పడానికి బాగుంది కానీ చెయ్యడం మహా ఓపిక పని, తడిస్తే ముక్క ముద్దయిపోద్ది, గోడకి పైభాగంలో గాయం ఉంటే జారి కింద పడుద్ది, అందుకే చాలామంది ఆ షీటు అంచుల్లో మళ్ళీ క్లిప్పులే పెడతారు జారకుండా! అంటే పట్టీ వేసినా క్లిప్ తప్పలేదు చూడు. ఈ షీటు మెయిన్‌గా పనికొచ్చేది కోసిన చోటు మరీ వెడల్పై క్లిప్‌తో రెండంచులూ దగ్గరికి రానప్పుడు, లేదా చిల్లు పడలేదు కానీ తర్వాత పడొచ్చని భయం ఉన్నప్పుడు, ముఖ్యంగా చిన్న పేగు మొదట్లో.

గ్లూ అనగానే మన వైపు ఇంకో గ్లూ గుర్తొస్తది, లివర్ పాడై పొట్టలో రక్తనాళాలు ఉబ్బి రక్తం కక్కుకునే వాళ్ళకి స్కోప్‌లో గ్లూ ఇంజెక్షన్ ఇస్తారే, అది వేరు. అది ఫెవిక్విక్ జాతిది, రక్తం తగలగానే రాయిలా గట్టిపడుద్ది, రక్తనాళం మూయడానికి దిట్ట, కానీ సాగే పేగుకి అంత గట్టిది పైన అంటించి ఊరుకుంటే పేగు కదిలినప్పుడల్లా అంచు లేస్తది.

మీ తమ్ముడు చూసింది బహుశా అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో చేస్తున్న పట్టీ గురించి అయ్యుంటది. 2019లో వాళ్ళు ఒక టేపు చూపించారు, అది పొడిగా ఉంటది, తడి మాంసం మీద నొక్కగానే ముందు ఆ తడిని తనలోకి పీల్చేసుకుని, ఆ తర్వాత అతుక్కుంటది. పంక్చర్ షాపువాడు తుడిచి ఆరబెట్టే పని ఆ టేపే చేసుకుంటదన్నమాట, నాకు ఆ ఆలోచన ఎంత నచ్చిందో చెప్పలేను. ఐతే రెండు వైపులా అతుక్కునేదైతే పక్క పేగుకి కూడా అంటుకుపోయే ప్రమాదం ఉంది కదా, 2021లో అదే గ్రూపు కాగితం మడతల్లా మడిచి సన్నదారిలో పంపే పట్టీ చేశారు, మూడు పొరలు, మధ్యలో జిగురు, దానికి ఒక వైపు రక్తం గిక్తం అంటకుండా నూనె పొర, ఇంకో వైపు దేనికీ అంటుకోని పొర. 2022లో కుట్లు లేకుండా పేగు చిల్లు మూయడం ఎలకల్లో పందుల్లో చేసి చూపించారు. చెల్లెమ్మా, నేను చెప్పిన ఈ పరీక్షలు జంతువుల మీదవి. సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ మీ డాక్టర్ ఆ పట్టీని అల్మారాలో పెట్టుకుని కూడా వెయ్యలేదు అనుకోవడానికి లేదు.

క్లిప్ పాత పద్ధతి అన్నావు. స్కోప్‌లోంచి క్లిప్పులు వేసి పొట్ట చిల్లు మూసినట్టు జర్మనీ డాక్టర్లు 1993లో రాశారు, ఆ లెక్కన ముప్పై ఏళ్ళు దాటింది నిజమే, కానీ ఇవాళ్టికీ సెంటీమీటరు లోపు చిల్లుకి ప్రపంచంలో ఎక్కడైనా ముందు చెయ్యి పోయేది దాని మీదకే. కారణం ఏంటంటే పట్టీ పైన మూత వేస్తది, క్లిప్ రెండు అంచుల్నీ దగ్గరికి లాగి మాంసానికి మాంసం తగిలేట్టు పట్టుకుంటది, చీర చిరుగుకి పిన్నీసు పెట్టినట్టు కాదు, రెండు పెదాలు మూసి పట్టుకున్నట్టు. మాంసం మాంసానికి తగిలి ఉంటే ఒంట్లో జిగురు అదే పుట్టుద్ది, కొద్ది గంటల్లోనే అతుకు మొదలవుద్ది. ఇంకా పెద్ద చిల్లు ఐతే స్కోప్ మూతికి తొడిగి తీసుకెళ్ళే ఎలుగుబంటి పట్టులాంటి పెద్ద క్లిప్ ఉంది, అదీ చాలకపోతే ఆపరేషనే.

గాయాన్ని మాన్పేది క్లిప్ కాదు, పట్టీ కాదు, మీ నాన్నగారి ఒళ్ళు. ఇవన్నీ అది మానేదాకా లోపలున్నది బయటికి కారకుండా కాపలా. మన పొట్టలోనే పేగుల మీద కొవ్వు పొర ఒకటి దుప్పటిలా వేలాడుతుంటది, ఎక్కడ చిల్లు పడినా, వాపొచ్చినా అది అక్కడికి చేరి అతుక్కుంటది. అల్సర్ పగిలి చిల్లు పడ్డ పేషెంట్లకి సర్జన్లు ఆ కొవ్వు పొర ముక్కనే తెచ్చి చిల్లు మీద కుట్టేస్తారు, 1937లో గ్రాహం అనే కెనడా సర్జన్ రాసిన పద్ధతి, ఇప్పటికీ ఆయన పేరుతోనే గ్రాహం ప్యాచ్ అంటారు. గుంటూరు జీజీహెచ్‌లో సర్జరీ డ్యూటీ చేసిన ఏ నర్సునైనా అడుగు, చెప్తుంది. ఇంకో మాట, మన తెలుగు డాక్టర్లే హైదరాబాద్‌లో, నాగేశ్వర రెడ్డి గారు, జి.వి. రావు గారు, 2000ల మొదట్లో నోట్లోంచి స్కోప్ పంపి, పొట్ట గోడకి కావాలనే కన్నం చేసి, అందులోంచి అపెండిక్స్ తీసి మళ్ళీ ఆ కన్నం మూసి వచ్చారు. కన్నాన్ని గట్టిగా మూయడం చేతనైతే స్కోప్‌తో ఎంత దూరం వెళ్ళొచ్చో అప్పుడే అర్థమైంది అందరికీ, ఈ పట్టీల వెనక ఇంతమంది పడటానికి కారణం కూడా అదే.

ఇప్పుడు పట్టీ వేయించొచ్చా అన్నావు, వద్దమ్మా. తొమ్మిదో రోజుకి నొప్పి లేకుండా తింటున్నారంటే అతుకు నిలబడింది. ఇప్పుడు మళ్ళీ స్కోప్ పెట్టి గ్యాస్ పట్టించి పేగుని ఉబ్బించడం అంటే మానుతున్న పుండుని లాగి చూడటమే. ఆ క్లిప్పులు కూడా లోపల ఉండిపోవు, గాయం మానాక కొన్ని వారాల్లో వాటంతట అవే ఊడి మోషన్లో పోతాయి, చాలామందికి పోయినట్టు కూడా తెలియదు, కొందరికి నెలలు ఉంటాయి, దాని వల్ల నష్టం లేదు. ఒక్క జాగ్రత్త, ఈలోగా మోకాలికో నడుముకో ఎంఆర్‌ఐ తియ్యాలంటే "పేగులో క్లిప్పులు ఉన్నాయి" అని ముందే చెప్పాలి, ఏ క్లిప్పో పేరు చూసి తియ్యొచ్చో లేదో వాళ్ళు చెప్తారు. అందుకే క్లిప్ పేరు ఉన్న కాగితం కావాలి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి, చాలా ఏళ్ళైనా చెప్పేటప్పుడు గొంతు పట్టేస్తది. మా పెద్ద మావయ్యకి వేరే ఊళ్ళో చిన్న పాలిప్ తీసి సాయంత్రానికే ఇంటికి పంపారు, చిల్లు ఎవరికీ కనపడలేదు. రాత్రి పదింటికి కడుపు నొప్పి మొదలైంది, గ్యాస్ అనుకున్నారు, వాము నమిలించారు, ఈనో తాగించారు, కుడి భుజం లాగుతోందంటే అత్తయ్య జండూబామ్ రాసింది. ఈ టైంలో డాక్టర్ని లేపడం ఎందుకు, నైట్ డ్యూటీలో ఉన్న నాకెందుకు ఫోన్ చెయ్యడం అని ఊరుకున్నారు. తెల్లారేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. సీటీలో గాలి బయటికొచ్చేసి కనపడింది, పొట్ట కోసి కడిగి, మూడు నెలలు మోషన్ పోవడానికి పక్కన బ్యాగ్ పెట్టి ఉంచారు, తర్వాత మళ్ళీ కలిపారు, బతికారు. ఆ హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన కాగితం మీద "వారం తర్వాత రివ్యూ" అని తప్ప ఏ లక్షణం వస్తే పరిగెత్తుకు రావాలో ఒక్క ముక్క లేదు. అదీ నాకు ఇప్పటికీ మండే విషయం. భుజం నొప్పికి కడుపుకి ఏం సంబంధం అనుకుంటారు, పేగులోంచి బయటికొచ్చిన గాలి డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం పొర, కిందకి చేరి అక్కడి నరాన్ని రాపిడి పెడితే నొప్పి భుజంలో తెలుస్తది.

అందుకని మీ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు. తగ్గకుండా పెరిగే కడుపు నొప్పి, చెయ్యి వేస్తే గట్టిగా తగలడం, జ్వరం చలి, గుండె దడ, వాంతులు, గ్యాస్ కూడా పోకుండా పొట్ట ఉబ్బడం, భుజం నొప్పి, వీటిలో ఏదొచ్చినా వాము లేదు ఈనో లేదు, నోట్లో ఏమీ వెయ్యకుండా ఎన్నింటికైనా హాస్పిటల్‌కే. ఆలస్యంగా పడే చిల్లు ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుద్ది, మీరు అది దాటేశారు. కోసిన చోట రక్తం పోవడం మాత్రం రెండు వారాల దాకా జరగొచ్చు, మోషన్లో ఎర్రగానో ముదురు ముద్దలుగానో వస్తే అదే రోజు చూపించాలి. నాన్నగారు గుండెకి ఎకోస్ప్రిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర వాడుతుంటే ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో ఆ డాక్టర్‌నే అడుగు, మీ అంతట మీరు ఆపొద్దు, వేసెయ్యొద్దు. బరువులు ఇంకో రెండు వారాలు వద్దు, గ్యాస్ బండ, బియ్యం బస్తా తమ్ముడు మోస్తాడు. తిండి డాక్టర్ చెప్పినట్టే, ఇడ్లీ, పెరుగన్నం, మెత్తటి పప్పు. కారం తింటే క్లిప్ ఊడదు, కానీ విరేచనాలైనా, మోషన్ గట్టిపడి ముక్కాల్సి వచ్చినా ఆ చోటికి శ్రమ, కాబట్టి బజ్జీలు, కొత్త ఆవకాయ కొన్నాళ్ళు పక్కన పెట్టమను, గుంటూరు మనిషికి అదెంత కష్టమో నాకు తెలుసు, ఎన్ని వేల మందికి చెప్పుంటానో.

ఇక గొడవ సంగతి. చిల్లు పడటాన్ని బట్టి డాక్టర్ మంచివాడో కాదో చెప్పలేం, పడ్డాక ఏం చేశారన్నదాన్ని బట్టి చెప్పొచ్చు. అప్పటికప్పుడు మూశారు, బయటికొచ్చి దాచకుండా చెప్పారు, ఐదు రోజులు కళ్ళ ముందు ఉంచుకున్నారు. ఇవి మూడూ సరైన పనులే, దాచిపెట్టి మర్నాడు ఇంటికి పంపిన వాళ్ళని కూడా నేను చూశాను. ఐనా మీకు తెలుసుకునే హక్కు ఉంది, తమ్ముణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళు, గొడవకి కాదు. ప్రొసీజర్ రిపోర్టు ఫోటోలతో సహా అడగండి, పాలిప్ ఎంత సైజు, పేగులో ఎక్కడ, ఒకే ముక్కగా తీశారా ముక్కలుగా తీశారా, చిల్లు ఎంత, క్లిప్పుల కంపెనీ పేరు, గాలి వాడారా కార్బన్ డయాక్సైడ్ వాడారా (అది గాలి కన్నా తొందరగా ఒంట్లో కలిసిపోద్ది, చిల్లు పడ్డప్పుడు అదే మేలు). ఇవన్నీ మర్యాదగా అడిగితే చెప్పని డాక్టర్లు తక్కువ. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుంటే అక్కడి వైద్యమిత్రని పట్టుకున్నా కాగితాలు ఇప్పిస్తారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, బయాప్సీ గురించి ఒక్క మాట లేదు. చిల్లు కంగారులో మీరంతా అసలు ఎందుకు వెళ్ళారో మర్చిపోయారు తల్లీ. ఆ పాలిప్ తీసింది అది రేపు క్యాన్సర్ అవ్వకుండా, ఆల్రెడీ అందులో ఏమైనా మొదలైందా, అంచుల దాకా శుభ్రంగా వచ్చిందా అని చెప్పేది ఆ రిపోర్టే. ముక్కలుగా తీసుంటే మామూలుగా ఆరు నెలలకి మళ్ళీ స్కోప్ వేసి చూస్తారు, చిల్లు భయంతో అది మాత్రం ఎగ్గొట్టొద్దు, ఆ డేటు ఇప్పుడే రాయించుకో. రేపు ల్యాబ్‌కి ఫోన్ చేసి రిపోర్టు వచ్చిందో లేదో కనుక్కో, వచ్చాక అందులో ఏముందో, నీకూ తమ్ముడికీ ఎన్నేళ్ళో రాయి, మీరిద్దరూ కూడా ఎప్పుడు చూపించుకోవాలో డాక్టర్‌ని ఏమని అడగాలో చెప్తాను.